సౌరఫలకముపై సూక్ష్మపు పూత

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

   

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు ఏండ్లు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను పిలిచిన కార్యవర్గము వారికి నా కృతజ్ఞతలు. నేను పండితుడను గాను. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. నా శిష్యులు అనేకులు ఈ గదిలోనే పరీక్షలకు చదివిరి. ఆనాడు చీకటి పడినంతనే విద్యుత్తు పోయెడిది. కిరసనాయిలు లాంతరు చుట్టును పదిమంది బాలురు గుమిగూడి, పొగకు కన్నులు నులుముకొనుచు చదివెడివారు. నేడు ఇదే కప్పుమీద నాలుగు సౌరఫలకములు ఎండలో మెరయుచున్నవి. పగటి ఎండ రాత్రి దీపమై పుస్తకముపై పడుచున్నది. ఈ మార్పును కన్నులార చూచిన భాగ్యము మన తరమునకు దక్కినది.

ఆ ఫలకముల అద్దముపైని కంటికి కానరాని ఒక పూతను గూర్చి నేడు ముచ్చటింప దలచితిని. ఇంత చిన్న విషయమునకు ఇంత పెద్ద సభ యేల యని మీరనవచ్చును. నన్ను ఈ విషయము వైపు త్రిప్పిన సంగతిని మొదట మనవి చేసెదను.

మా పినతండ్రిగారి కుమారుడొకడు వ్యవసాయము చేయుచున్నాడు. బోరుబావికి సౌరవిద్యుత్తుతో నడచు మోటారు పెట్టించుకొనెను. ఒకనాడు ఒక వర్తకుడు వచ్చి, నానో ద్రవమని చెప్పి ఒక సీసా చూపించి, దీనిని ఫలకములపై పూసినచో విద్యుత్తు నూటికి ముప్పదివంతులు పెరుగుననియు, ఇక కడుగవలసిన పనియే లేదనియు చెప్పెను. తమ్ముడు వేరుసెనగ అమ్మిన రూకలలో నుండి తీసి ఇచ్చెను. నాలుగు నెలలు గడచునప్పటికి అద్దముపై పాలమీగడ వంటి తెల్లని మసక కమ్మెను. నీరు పెరుగుటకు బదులు తగ్గెను. వాడు నాతో, "అన్నా, నీవు జీవితమంతా ఇదే పాఠము చెప్పినవాడవు గదా, ముందుగా నన్ను వారింపకపోతివే!" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. ఏలయన, నాకును ఆ సంగతి తెలియదు. నాటి నుండి ఈ విషయమును చదువ నారంభించితిని. చదివిన దానిని వానికి చెప్పితిని. ఇప్పుడు మీకు చెప్పుచున్నాను.

మొదట కొలతను గూర్చి చెప్పెదను. మీటరులో నూరుకోట్ల వంతును నానోమీటరు అందురు. మన తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. నేను చెప్పబోవు పూత మందము సుమారు 120 నానోమీటర్లు మాత్రమే. వెండ్రుకను ఆరువందల పైచిలుకు పొరలుగా చీల్చగలిగినచో అందొక్క పొర ఎంతయుండునో అంత. రెండు చదరపు మీటర్ల ఫలకమునకంతకును పట్టు పదార్థము లెక్కకట్టి చూడగా రమారమి పావు గ్రాము. కూరలో వేయు ఉప్పు చిటికెడు కంటె తక్కువ. 1959 డిసెంబరు 29వ తేదీన రిచర్డ్ ఫైన్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, పదార్థపు అట్టడుగున మనుష్యుడు పనిచేయుటకు కావలసినంత చోటు కలదని ఒక ఉపన్యాసమున చెప్పెను. ఆ చోటులో నేడు జరుగుచున్న పనులలో ఈ పూత యొకటి.

ఇక సౌరఫలకము చేయు వ్యాపారమును లెక్కల పుస్తకములో వ్రాసి చూతము. సూర్యుడు దానిపై నూరు రూపాయల వెలుగు కుమ్మరించెననుకొనుడు. నేటి మంచి ఫలకములలో తీగెలోనికి విద్యుత్తై వచ్చునది ఇరువది మొదలు ఇరువదిమూడు రూపాయలు. మిగిలినది యేమైనట్లు? సూర్యరశ్మిలోని పరారుణ కిరణములలో చాల భాగము సిలికాన్‌లోని ఎలక్ట్రానును కదల్చుటకు చాలనంత బలహీనమైనది. నీలి, ఊదారంగుల కిరణములకు కావలసిన దానికంటె ఎక్కువ బలముండును. ఆ మిగులు వేడిమిగా మారిపోవును. ఇది ప్రకృతి విధించిన పన్ను. విలియమ్ షాక్లీ, హాన్స్ క్వైసర్ అను నిద్దరు 1961లో ఈ పన్నును లెక్కగట్టిరి. ఆ దారిలో జరిగిన లెక్కల ప్రకారము, ఒకే సంధిగల సిలికాన్ ఘటము నూటికి సుమారు 29 కంటె ఎక్కువ ఇయ్యజాలదు. ఏ పూతయు ఈ పన్నును మాఫీ చేయించలేదు. కాని ఈ పన్నుతో సంబంధము లేక, కేవలము వాకిటనే జారిపోవు సొమ్ము కొంత కలదు. దానిని నిలుపుటయే పూత పని.

వాకిట జారునది ఎంత? వెలుగు గాలినుండి అద్దములోనికి దిగునప్పుడు, నూటికి నాలుగు వంతులు పైముఖము నుండియే వెనుకకు మరలును. ఇంటి కిటికీ అద్దములో మన ముఖము మసకగా కనబడుట ఇందువలననే. అద్దము క్రింద నుండు సిలికాన్ ఇంకను కఠినమైనది. పూత లేని నునుపైన సిలికాన్ గాలిలో తనపై పడిన వెలుగులో మూడవ వంతుకు పైగా తిప్పికొట్టును. మూడు బస్తాల ధాన్యము గాదెకు తోలగా ఒక బస్తా గుమ్మమునుండియే తిరిగిపోయినట్లు.

ఈ నష్టమునకు విరుగుడు యాదృచ్ఛికముగా దొరకినది. పాతబడి మసకబారిన అద్దము క్రొత్తదానికంటె ఎక్కువ వెలుగు పోనిచ్చుచున్నదని 1886లో ఇంగ్లండులో లార్డ్ రేలీ గమనించెను. అంతకు మునుపే, 1817లో, జర్మనీలో యోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ ఆమ్లము తాకిన అద్దము తక్కువగా మెరయుచున్నదని కనుగొనెను. 1890 ప్రాంతమున డెన్నిస్ టేలర్ అను కటకముల నిపుణుడును, త్రుప్పు పట్టినట్లుండు పాత దూరదర్శిని కటకము క్రొత్తదానికంటె మేలుగా పనిచేయుట చూచి విస్మితుడయ్యెను. మెరుపు తగ్గిన అద్దము మెరుగైన అద్దమగుట విచిత్రము గదా! కాలము అద్దముపై ఒక సన్నని పొరను ఏర్పరచినది. ఆ పొరయే ఈ మేలు చేసినది.

ఆ పొర యెట్లు పనిచేయుచున్నది? చెరువులో రెండు రాళ్లు వేసినచో రెండు అలల వరుసలు లేచును. ఒక అల ఎత్తు, రెండవదాని ఎత్తుతో కలసిన చోట నీరు మరింత లేచును. ఒకదాని ఎత్తు, రెండవదాని పల్లముతో కలసిన చోట నీరు నిశ్చలముగా నుండును. వెలుగు కూడ అలయే. పూత పైముఖము నుండి కొంత వెలుగు మరలును. అడుగుముఖము నుండి కొంత మరలును. పూత మందము, పూతలోపలి వెలుగు అల పొడవులో సరిగా నాలుగవ వంతు ఉన్నచో, అడుగునకు దిగి పైకి వచ్చిన అల సగము పొడవు వెనుకబడును. అప్పుడు ఒకదాని ఎత్తు మరియొకదాని పల్లముతో కలసి రెండును అణగిపోవును. వెనుకకు మరలుటకు వీలులేని వెలుగు ఎచ్చటికి పోవును? లోపలికే పోవును. వెలుగు నశింపదు, దారి మార్చుకొనును. వానకాలమున బాటమీది నీటిగుంటలో కిరసనాయిలు చుక్క పడినప్పుడు కానవచ్చు రంగుల వింత కూడ ఈ అలల ఆటయే.

ఈ సూత్రమును బుద్ధిపూర్వకముగా అమలుపరచిన వారిలో ఇద్దరిని స్మరింపవలెను. 1935లో జర్మనీలోని జైస్ కర్మాగారమున అలెగ్జాండర్ స్మకులా శూన్యములో ఆవిరిగా మార్చిన పదార్థమును కటకములపై పూయు పద్ధతిని కనుగొనెను. 1938లో అమెరికాలో క్యాథరిన్ బ్లాడ్జెట్ అను విదుషీమణి సబ్బు జాతికి చెందిన అణువుల పొరలను ఒకదానిపై నొకటి 44 పేర్చి, మెరుపే లేని అద్దమును ప్రపంచమునకు చూపెను. ఆ అద్దము నూటికి తొంబదితొమ్మిది వంతుల వెలుగును పోనిచ్చెను. అయితే ఆ పూత మెత్తనిది. చేతితో తుడిచిన పోయెడిది. ఇచ్చట ఒక్క మాట గుర్తుంచుకొన వేడెదను. పూయుట ఒక విద్య. పూసినది నిలుచుట వేరొక విద్య. మా తమ్ముని సీసాలో కొరవడినది ఈ రెండవ విద్యయే.

మరియొక చిక్కు కలదు. రెండు అలలు పూర్తిగా అణగవలెనన్న రెండును సమానబలము గలవి కావలయును. అందుకు పూత పదార్థపు వక్రీభవన గుణకము గాలికిని అద్దమునకును నడుమ ఒక నిర్ణీత స్థానమున ఉండవలెను. గాలి గుణకము 1. అద్దము గుణకము సుమారు 1.5. పూతకు 1.22 కావలెను. అంత తేలికైన ఘనపదార్థము లోకమున సులభముగా దొరకదు. కటకములకు పూయు మెగ్నీషియమ్ ఫ్లోరైడు గుణకమే 1.38. ఇక్కడనే నానో పదార్థము ఆదుకొన్నది.

మన ఇండ్లలో బియ్యము ఉన్నది, బొరుగులును ఉన్నవి. రెండును ఒకే ధాన్యమునుండి వచ్చినవే. కాని బొరుగులలో గాలి నిండియున్నది. అందుచే చేట నిండినను బరువు ఉండదు. శాస్త్రజ్ఞులు ఇసుక జాతికి చెందిన సిలికాను ఇట్లే బొరుగులుగా చేసిరి. కొన్ని పదుల నానోమీటర్ల సిలికా కణములను పేర్చి, వాని నడుమ గాలి సందులు విడిచిరి. సగము సిలికా, సగము గాలి అయినప్పుడు గుణకము కోరిన చోటికి దిగివచ్చినది. అయితే ఆ సందులు వెలుగు అల కంటె మిక్కిలి చిన్నవి కావలెను. వెలుగు అల పొడవు 400 నుండి 700 నానోమీటర్లు. సందులు అంత పెద్దవైనచో వెలుగు చెదరి అద్దము మంచు కమ్మినట్లగును. చిన్నవైనచో వెలుగు వానిని వేరువేరుగా గుర్తింపజాలక అంతయు ఒకే తేలిక పదార్థమని భ్రమించి చొచ్చుకొనిపోవును. ఇట్టి సిలికా గుండ్లను ఒకే పరిమాణమున చేయు విధానమును 1968లో వెర్నర్ స్టోబర్, ఆర్థర్ ఫింక్, ఎర్న్‌స్ట్ బోన్ ప్రకటించిరి. రాత్రి తిరుగు చిమ్మటల కన్ను మెరయకుండుటకును ఇట్టి యుపాయమే కారణమని 1962లో బెర్న్‌హార్డ్ మొదలగువారు కనుగొనిరి. ఆ కంటిపై సుమారు 200 నానోమీటర్ల బుడిపెలు వరుసగా ఉన్నవి. మనకు ప్రయోగశాలలో అబ్బిన విద్య పురుగునకు పుట్టుకతోనే అబ్బినది.

ఫలితమేమి? అద్దముపై నాలుగు వంతులుగా నున్న నష్టము ఒకటికి దిగును. అనగా 500 వాట్ల ఫలకము సుమారు 515 వాట్లు ఇచ్చును. ఉదయ సాయంకాలముల ఏటవాలు ఎండలో లాభము ఇంకను కొంత హెచ్చు. మూడు వంతులేనా యని చప్పరింపకుడు. పాణ్యము చెంతనున్న గని, శకునాల పొలములలో 2017 నాటికి 1000 మెగావాట్ల సౌరక్షేత్రము వెలసినది. అంతటి క్షేత్రమున మూడు వంతులనగా నడుమధ్యాహ్నమున 30 మెగావాట్లు. ఒక్క సెంటు భూమి అదనముగా తీసికొనక, ఒక్క ఫలకము అదనముగా పెట్టక వచ్చిన లాభమది.

అద్దము లోపల మరియొక పూత కలదు. మన కప్పుమీది ఫలకములు నీలముగా కనబడుట మీరు చూచియున్నారు. సిలికాన్ సహజముగా బూడిదరంగు లోహము వలె నుండును. ఆ నీలము సుమారు 75 నానోమీటర్ల సిలికాన్ నైట్రైడు పూతది. అది ఎరుపు, పసుపు వన్నెలను ఎక్కువగా లోనికి రానిచ్చునట్లు అమర్చబడినది. నీలము కొంత తప్పించుకొని వచ్చి మన కంటబడుచున్నది. అనగా ఆ అందమైన నీలము సూర్యుని సొమ్ములో మనకు దక్కక పోయిన చిల్లర. ఉపరితలమున సూక్ష్మమైన గోపురములవంటి గరుకుతనము కూడ కల్పించిన క్రొత్త ఫలకములు దాదాపు నల్లగా కనబడుట ఇందుకే. అవి ఆ చిల్లరను గూడ ఏరుకొనుచున్నవి.

ఈ లోపలి పూత రెండవ యుపకారము కూడ చేయును. సిలికాన్ స్ఫటికము అంచున అణువుల బంధములు తెగి వ్రేలాడుచుండును. ఎండ వలన విడివడిన ఎలక్ట్రానులు ఆ తెగిన చోట్ల చిక్కి పనికిరాకుండ పోవును. కాలువ గట్టున ఎండ్రకాయల బొక్కలున్నచో పైనుండి ఎంత నీరు వదలినను చివరి మడి తడియదు గదా! పూతలోని హైడ్రోజన్ ఆ బొక్కలను పూడ్చును. వెనుకవైపున కొన్ని నానోమీటర్ల అల్యూమినియమ్ ఆక్సైడును పూయుట, లేదా ఒకటి రెండు నానోమీటర్ల సిలికాన్ ఆక్సైడును పూయుట నేటి కర్మాగారములలో సాధారణమైనది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు చేసిన తొలి సిలికాన్ ఘటము నూటికి ఆరు వంతులు మాత్రమే ఇచ్చెను. ఆరునుండి ఇరువదిమూడు వరకు సాగిన ఈ ప్రయాణములో ఇట్టి పూతల పాలు చిన్నది కాదు.

ఇంతవరకు పరదేశముల ప్రయోగశాలల కథ. ఇప్పుడు మన ఊరి ధూళి కథకు వత్తము. మన సీమలో వాన తక్కువ, గాలి ఎక్కువ. పొలముల దుమ్ము, బాటల దుమ్ము, నూర్పిళ్ల నాటి పొట్టు అన్నియు ఫలకములపై వ్రాలును. తెల్లవారుజామున మంచు కురిసి ఆ దుమ్మును అంటుగా మార్చును. ఎండ దానిని ఎండబెట్టి అలికినట్లు చేయును. గుజరాతులోని గాంధీనగరమున ఐ.ఐ.టి.లో జరిగిన పరిశీలన 2017లో ప్రకటింపబడినది. కొన్ని వారములకొకసారి ఫలకములను కడిగినప్పుడెల్ల ఉత్పత్తి సుమారు సగమంత పెరుగుచుండెనని అందు తేలినది. పూత ఇచ్చునది మూడు వంతులు. దుమ్ము తినివేయునది అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి మన దేశమున ధూళిని నిలువనీయని పూతకు విలువ మిక్కుటము. విశాలమైన సౌరక్షేత్రములను కడుగుటకు నీరు కావలెను. నీరున్నచో ఆ భూములలో ఫలకములకు బదులు పైరులే ఉండెడివి. ఇది చిన్న చిక్కు కాదు.

తామరాకుమీది నీటిబొట్టు మన తెలుగువారికి తరతరాల పరిచయము. అంటీ అంటనట్లుండు వానిని తామరాకుమీది నీటిబొట్టు వలె నున్నాడందుము. ఆకు తడియకుండుటయే గాక, దొరలిపోవు బొట్టు ధూళిని గూడ మోసికొనిపోవునని, ఆకుపైని మైనపు సూక్ష్మపు బుడిపెలే ఇందుకు కారణమని జర్మనీలో విల్హెల్మ్ బార్త్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ 1997లో వివరించిరి. ఈ గుణమును అద్దమునకు తెచ్చు నానో పూతలపై హైదరాబాదు శివారున బాలాపురములో నున్న ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రము కూడ పనిచేసినది. మన తెలుగు నేలపై జరిగిన ఈ కృషి మనకు సంతోషకరము.

వేరొక జాతి పూత టైటానియమ్ డయాక్సైడుది. దాని స్వభావము తామరాకునకు విరుద్ధము. ఎండ తగిలినప్పుడు అది నీటిని బొట్టుగా నిలువనీయక పలుచని తెరగా పరచును. పక్షిరెట్ట, జిడ్డు మొదలగువానిని మెల్లగా విడగొట్టును. ఈ పదార్థముపై వెలుగు చేయు రసాయన ప్రభావమును 1972లో జపానుకు చెందిన ఫుజిషిమా, హోండా లోకమునకు చాటిరి. అయితే దాని వక్రీభవన గుణకము అద్దము కంటె చాల హెచ్చు. మితిమీరి పూసినచో మెరుపు పెరిగి, ఒక చేత ఇచ్చి మరియొక చేత తీసికొనినట్లగును.

ఈ రెండు జాతులకును నీటితో కొంత అవసరము ఉన్నదని మరువరాదు. వాన రాక, మంచు లేక ఫలకము పొడిగా నున్న నెలలలో తామరాకు గుణము తనంత తాను దుమ్మును దులుపదు. అది చేయు మేలు, కడుగుట తేలిక చేయుట. నీటిని ఆదా చేయుట. కడుగుటే అక్కరలేదను మాట సత్యము కాదు.

వేడిమి సంగతి కూడ చెప్పి ముగించెదను. సిలికాన్ ఫలకము 25 డిగ్రీలకు పైబడిన ప్రతి డిగ్రీకిని నూటికి రమారమి మూడవ వంతు మొదలు అరవంతు వరకు శక్తిని కోల్పోవును. మన వేసవిలో ఫలకము 65 డిగ్రీలు తాకుట వింత కాదు. అనగా ఇరువది వంతుల వరకు అక్కడనే పోవచ్చును. ఫలకము వెనుక గాలి ఆడునట్లు కప్పునకు ఎత్తుగా బిగించుట, ఏ పూతకును తీసిపోని మేలు.

ఇప్పుడు మా తమ్ముని సీసా వద్దకు మరల వత్తము. ఆ వర్తకుడు ముప్పదివంతుల వృద్ధి చెప్పెను. అద్దమునుండి మరలిపోవునదే నాలుగు రూపాయలు. నాలుగు పోవు చోట ముప్పది ఎట్లు తిరిగివచ్చును? ఈ చిన్న కూడిక తీసివేత మాకు తెలిసియున్నచో ఆ సొమ్ము మిగిలియుండెడిది. అంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. నేడు అమ్మకమునకు వచ్చు ఫలకములలో పెక్కింటికి కర్మాగారముననే సిలికా పూత వేయబడియుండును. దానిని అద్దముతో కూడ ఆరువందల డిగ్రీలకు పైబడిన కొలిమిలో కాల్చి గట్టిపరతురు. సీసాలోని ద్రవము కేవలము ఎండలో ఆరును. కుమ్మరి ఆవములో కాలిన కుండకును, ఆరబెట్టిన పచ్చికుండకును గల భేదము మీకెరుకయే. పైగా ఆ ద్రవము సిలికా బొరుగులలోని గాలి సందులను నింపివేసినచో ఉన్న మేలు కూడ పోవును. మేలు చేయబోయి కీడు కొని తెచ్చుకొనుట ఇదియే.

ఇందుచే నానో పూతలన్నియు మోసమని నేననను. అట్లనుట శాస్త్రమునకు ద్రోహము. పరీక్షకు నిలిచిన పూతలు ఉన్నవి. ఇంకను మేలైనవి రాగలవు. కాని ఎవరు అమ్మవచ్చినను మూడు ప్రశ్నలు వేయుడు. ఈ పూత ఏ నష్టమును ఆపును: మెరుపునా, దుమ్మునా, వేడిమినా? ఆ నష్టము మొత్తము ఎంత? పూత ఎన్ని ఏండ్లు నిలుచును? ఫలకములను 85 డిగ్రీల వేడిలో, నూటికి 85 వంతుల తేమలో 1000 గంటలు ఉంచు అంతర్జాతీయ పరీక్ష ఒకటి కలదు. అట్టి పరీక్షల పత్రము చూపుమని అడుగుడు. ఫలకము చేసినవారి హామీ ఆ పూత వలన రద్దు కాదని వ్రాసి యిమ్మని అడుగుడు. సత్యము చెప్పువాడు ఈ ప్రశ్నలకు సంతసించును.

ఇండ్లలోని అక్కలకు, తమ్ముళ్లకు ఒక మనవి. ఫలకములను బూడిదతోను, ఇసుకతోను, కొబ్బరిపీచుతోను తోమకుడు. ఆ 120 నానోమీటర్ల పూత గీతలు పడిపోవును. నడిమి ఎండలో కాలుచున్న అద్దముపై చల్లని నీరు గుమ్మరింపకుడు. తెల్లవారిన వెంటనే మెత్తని గుడ్డతో కడుగుడు. మన బోరునీటిలో సున్నము ఎక్కువ. ఆరినచో తెల్లని మరకలు కట్టును. వాననీరు పట్టి ఉంచుకొన్న మేలు. లేనిచో చివర పొడిగుడ్డతో తుడువుడు.

చివరగా ఈ గ్రంథాలయమునకు ఒక ప్రార్థన. 2024లో ఆరంభమైన సూర్యఘర్ పథకము వలన దేశమున ఇంటికప్పులపై ఫలకములు పెరుగుచున్నవి. రేపు మన వీథులకు మరిన్ని సీసాలు రాగలవు. మన కప్పుమీద ఒకే మాదిరి చిన్న ఫలకములు రెండు ప్రక్కప్రక్కన, ఒకే వాలున పెట్టింపుడు. ఒకదానికి పూత, రెండవదానికి పూత లేదు. రెంటిని ఒకే దినమున కడుగుడు. పాఠశాల విద్యార్థులు ప్రతి దినము మధ్యాహ్నము రెండింటి విద్యుత్తును కొలచి ఒక పుస్తకములో వ్రాయుదురు గాక. వానలు, మంచు, వేసవి అన్నియు గడచి ఏడాది తిరిగిన పిదప ఆ పుస్తకమే తీర్పు చెప్పును. ఆ పుస్తకమును మన బీరువాలో ఉంచుడు. ఊరివారు ఎవరైనను వచ్చి చదువుకొని, అటు పిమ్మట సంచి ముడి విప్పుకొందురు.

ఇతరులు వ్రాసిన పుస్తకములను ఇరువదియైదేండ్లు మనము చదివితిమి. ఇకముందు మన పిల్లలు వ్రాసిన పుస్తకమొకటి అందు చేరవలెను. మా తమ్ముడు నన్నడిగిన ప్రశ్న వంటిది రేపు మరియొకడు అడిగినప్పుడు, ఈ ఊరు నావలె తలవంచుకొని నిలువరాదు. ఆ పుస్తకము తీసి చూపవలెను.